టెలిగ్రాంలో వెళ్ళిన పచ్చ పండుగ

మీలో ఎవరికైనా యూరప్ చూడాలనిపిస్తే ఇప్పుడు ఫోను మీద వేలు ఆడిస్తే చాలట. రైలూ గదీ అన్నీ అందులోనే దొరుకుతాయట. జూలై, ఆగస్టుల్లో మాత్రం వెళ్ళొద్దని, అక్కడివాళ్ళందరికీ అవి సెలవు రోజులు గనుక కాలు పెట్టే చోటుండదని ఒకరికొకరు జాగ్రత్తలు కూడా చెప్పుకుంటున్నారు. వింటుంటే నాకు లోలోపల నవ్వొస్తుంది. నేను తిరిగింది సరిగ్గా ఆ నెలల్లోనే. నా వెంట ఆడా మగా కలిపి డజనుకు పైగా కోయ ఆటగాళ్ళు, పొడుగాటి డోళ్ళు, గంపల్లో కొమ్ముల కిరీటాలు, ఒక బియ్యం మూట. చేతిలో డబ్బు అంతంత మాత్రం. ఎనభైల నాటి మాట ఇది. ఇంతకీ నా ఉద్యోగం ఏమిటంటే, భద్రాచలం అవతల అడవి అంచున ఒక గిరిజన బాలుర హాస్టల్‌కు వార్డెన్‌ని.

యూరప్ ఊళ్ళలో ఎండాకాలం పొడుగునా జాతరల్లాంటివి జరుగుతాయి. వాటికి దేశదేశాల నుంచి ఆటపాటల వాళ్ళను పిలుస్తారు. ఆ ఏడాది మా వైపు కొమ్ము ఆటకు పిలుపొచ్చింది. బృందానికి పెద్దగా వెళ్ళడానికి మొదట్లో ఆఫీసుల్లో గట్టి పోటీ నడిచింది. సూట్లు కుట్టించుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. తీరా పిలిచినవాళ్ళు వివరాలు పంపాక అసలు సంగతి తెలిసింది. హోటళ్ళు ఉండవు, సెలవుల్లో ఖాళీగా ఉన్న బడి గదుల్లో నేల మీద పడక, వంట మనదే, ప్రయాణం మామూలు రైళ్ళలో. ఆ వారంలోనే ఒకాయనకు నడుం పట్టేసింది. ఇంకొకాయన ఇంట్లో ఉన్నట్టుండి శుభకార్యం కుదిరింది. చివరికి కోయ భాష సగం, ఇంగ్లీషు సగం వచ్చి, పదిమందికి వండి పెట్టడం చేతనైనవాడు ఎవడని వెతికితే నేను తేలాను. నాకు సూటు లేదు. వేసుకెళ్ళిన స్వెట్టరు కూడా కారేపల్లిలో ఉండే మా బావమరిదిది.

బృందానికి ప్రాణమంతా ఒక పెద్దాయన. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. డోలు మెడకు తగిలించుకుంటే మాత్రం వయసు ఎటో వెళ్ళిపోయేది. ఆయనే వాళ్ళ ఊరి పూజారి కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

మా వైపు సంగతులు తెలియనివాళ్ళ కోసం ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. వానలు పడి కొత్త ఆకూ కొత్త కాయా చేతికొచ్చే వేళ ఆ పల్లెల్లో పచ్చ పండుగ చేస్తారు. వేల్పులకు పెట్టకుండా ఎవరూ కొత్తది నోట పెట్టరు. పెద్దాయన ఊళ్ళో కట్టుబాటు ఇంకాస్త గట్టిది. మొదటి ముద్ద పూజారి తినాలి, ఆ తర్వాతే ఊరు తినాలి. పూజారి బతికుండగా ఆ ముద్ద మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. పాదు మీద బీరకాయ ముదిరి పీచయిపోతున్నా సరే, తుంచేవాడుండడు. పోయినేటి గింజలు అడుగంటే రోజులవి. ఆకూ కాయా లేకపోతే అంబలీ చింతపులుసే గతి.

బయల్దేరే ముందు నేను వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దాయన భార్య గుమ్మంలో కూర్చుని ఎండిన ఇప్పపూలు చెరుగుతోంది. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

“ఎన్నడు తెస్తవ్ ఈయనను?”

“జూలై మొదట్లనే వస్తం అవ్వా. పచ్చ పండుగకు ఇంకా మస్తు టైముంటది.”

“రాకుంటే?”

“ఎందుకు రాము? రానూ పోనూ టికెట్లు ముందుగాలనే కొన్నరు.”

“కాయితాల సంగతి నాకెందుకు సారూ. నువ్వు తోల్కపోతున్నవ్, నువ్వే తోల్కొచ్చి ఈ గుమ్మం ముంగట నిలబెట్టాలె. ఊరంత ఈయన నోరు సూసుకుంట కూసుంటది.”

“పూచీ నాది,” అన్నాను. గవర్నమెంటు ఉద్యోగులం గదా, పూచీ అనే మాట మా నోటికి ఇట్టే వస్తుంది. ఆమె మాత్రం చేట కింద పెట్టి, లేచి నిలబడి ఆ మాట విన్నది.

మొదటి నెల ఎలా గడిచిందో చెప్పమంటే ఇప్పటికీ నాకు నోటినిండా నవ్వే వస్తుంది. అక్కడి రైళ్ళ నిండా వీపుకు బరువైన సంచులు కట్టుకున్న పడుచువాళ్ళు. సీట్లు చాలక నడవాల్లో కూర్చునేవాళ్ళు, తలుపుల దగ్గర నిద్రపోయేవాళ్ళు. మాకు అదేమీ కొత్తగా అనిపించలేదు, భద్రాచలం బస్సు ఎక్కినట్టే ఉంది. మావాళ్ళు ఎక్కిన వెంటనే డోళ్ళు నిలువుగా పెట్టి వాటి చుట్టూ చతికిలబడేవాళ్ళు. కొమ్ముల కిరీటాలు గంపలో పట్టక ఒకటి రెండు పైకి పొడుచుకుని ఉండేవి. టికెట్ కలెక్టరు వచ్చి గంపనూ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, టికెట్లు అడగడం మరిచిపోయి వెళ్ళిన రోజులు కూడా ఉన్నాయి.

పడకలు బడి గదుల్లో అని చెప్పాను గదా. ఆ గదుల్లో నల్లబల్ల కింద చాప పరుచుకుంటే నాకు మా హాస్టల్లో ఉన్నట్టే ఉండేది. మా హాస్టల్లోనూ పగలు క్లాసు జరిగే గదే పొద్దుపోతే పడక గది. ఒక ఊళ్ళో మాకు బస ఇచ్చిన హెడ్మాస్టరు, ఇలాంటి నేల మీద పడుకోబెట్టినందుకు క్షమించమని నా చేతులు పట్టుకున్నాడు. ఆయనను ఒకసారి మా హాస్టల్‌కు తీసుకొస్తే బాగుండుననిపించింది.

మా వెంట ఒక కాలేజీ పిల్లను దారి చూపడానికి పెట్టారు. పొడుగ్గా, సన్నగా ఉండేది. తనకంటే పెద్ద సంచీ మోసుకుని అందరికన్నా ముందు నడిచేది. పెద్దాయన ఆమెను బిడ్డా అనేవాడు, ఆమె ఆయనను తాతా అని పిలవడం నేర్చుకుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట కూడా కలిసే భాష లేదు. అయినా రైలు మారాల్సి వస్తే ఆమె నాకు చెప్పకముందే ఆయన డోలు భుజానికెత్తుకునేవాడు.

జూలై మొదట్లో తిరుగు ప్రయాణానికని విమానాల ఊరికి చేరాం. అక్కడ కౌంటరులో మనిషి మా టికెట్లు చూసి, మీ సీట్లు లేవండి అన్నాడు. బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు మళ్ళీ ఒకసారి ఫోను చేసి, వస్తున్నాం అని ఖాయం చేసుకోవాలట. ఆ రోజుల్లో అది రివాజు. ఆ సంగతి మాకు చెప్పినవాడు లేడు. టికెట్టు మీద ఓకే అని ఉంది గదా, ఇక మీరేం చెయ్యక్కర్లేదని హైదరాబాదులో టికెట్లు కొనిచ్చిన ఆఫీసరు భరోసా ఇచ్చి పంపాడు. సీజను కదా, మా సీట్లు ఎప్పుడో వేరేవాళ్ళకు వెళ్ళిపోయాయి. ఇంతమందికి కలిపి మళ్ళీ ఎప్పుడు దొరుకుతాయంటే ఆగస్టు చివర్లో అన్నాడు. నేను కౌంటరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా కళ్ళ ముందు చేట కింద పెట్టి లేచి నిలబడిన ఆ ముసలమ్మ కనబడింది.

వెనక్కి వచ్చి మావాళ్ళకు చెప్పాను. పడుచువాళ్ళు లోలోపల సంతోషపడ్డారని నాకిప్పటికీ అనుమానమే. ఇంకా ఎన్ని ఊళ్ళు చూడొచ్చో అని వాళ్ళ లెక్క. పెద్దాయన మాత్రం ఒక్క మాట అడిగాడు.

“పచ్చ పండుగకు అందుతమా?”

“అందము తాతా.”

ఆయన డోలు గోడకు ఆనించి, దాని పక్కనే కూర్చున్నాడు.

మమ్మల్ని పిలిచినవాళ్ళ పని అయిపోయింది. వాళ్ళ బస కూడా అయిపోయింది. అంతమందిమి, సీజను మధ్యలో, ఎక్కడ ఉండాలి, ఏం తినాలి? ఆ కాలేజీ పిల్లే దారి చూపింది. వేసవిలో ప్రతి చిన్న ఊళ్ళోనూ ఏదో ఒక సంబరం ఉంటుందనీ, ముందుగా అడిగితే ఆటకు బదులు తిండీ పడకా ఇస్తారనీ చెప్పింది. ఆమెకూ సెలవులే, మమ్మల్ని వదిలి వెళ్ళనంది. అలా మొదలైంది మా అసలు యాత్ర. పెద్ద ఊళ్ళ జోలికి పోలేదు. వేగంగా పోయే రైళ్ళకు సీటు ముందే కట్టించుకోవాలి గనుక, ప్రతి స్టేషన్లోనూ ఆగే రైళ్ళే ఎక్కాం. ఒక ఊళ్ళో అగ్నిమాపక బండ్ల షెడ్డులో పడుకున్నాం. ఇంకో ఊళ్ళో గడ్డి నిలవచేసే కొట్టంలో పడుకుంటే, ఇన్నాళ్ళకు మంచి పడక దొరికిందని మా ఆడవాళ్ళు పాటే ఎత్తుకున్నారు. ఆట మొదలెట్టే ముందు డోలు చర్మం బిగియడానికి మంటకు కాచాలి. మంట కనబడగానే ఎక్కడెక్కడి జనమో చుట్టూ మూగేవారు. నిప్పు పెట్టొద్దని చెప్పడానికి వచ్చిన పోలీసాయన కూడా చేతులు వెచ్చచేసుకుని వెళ్ళాడు.

ఆ పిల్లకు ఇంకో విద్య కూడా తెలుసు. సంత ముగిసే వేళకు వెళ్తే మిగిలిన కూరగాయలు దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. ఒకరోజు అలా వెళ్ళి గంపెడు లేత చిక్కుళ్ళు, ఆకుకూర, పచ్చటి గుమ్మడి పిందెలు తెచ్చి మా మధ్య గుమ్మరించింది. ముఖం వెలిగిపోతోంది. మావాళ్ళు ఆ చిక్కుళ్ళ వంక చూశారు, పెద్దాయన వంక చూశారు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. పెద్దాయన ఒక కాయ తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ మెల్లగా గంపలో పెట్టేశాడు.

“మన ఊళ్ళ గుడ బీర కాసుంటది,” అన్నాడు.

“తాతా, ఇది మన నేల కాదు గదా. ఇక్కడిది తింటే ఏమైతది?” అన్నాను.

“నేల యాడిదైతే ఏంది సారూ. నోరు నాదే గదా.”

ఎందుకు తినడం లేదని ఆ పిల్ల అడిగితే నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. అంటే ఆయన ఇక్కడ ఉన్నన్నాళ్ళూ అక్కడ ఊరంతా తినకుండా కూర్చుంటుందా అని అడిగింది. అవునన్నాను. ఆమె చిక్కుళ్ళన్నీ తిరిగి గంపలో ఎత్తి, పక్క గుడారంలో ఉన్న వాళ్ళకు ఇచ్చేసింది. ఆ పూట తనూ మాతోపాటు చింతపండు పులుసే తిన్నది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వదల్లేదు.

అప్పుడు మేము ఒక చెరువు ఒడ్డున గుడారాలు వేసుకునే మైదానంలో ఉన్నాం. కొండల నడుమ అందమైన చోటు. మా చుట్టూ ఎక్కడెక్కడి నుంచో చవకగా తిరగడానికి వచ్చిన పడుచు జంటలు, సైకిళ్ళ వాళ్ళు, పిల్లాపాపలతో కాపురాలు. అంత సందడిలో పెద్దాయన ఒక్కడే నీళ్ళ వైపు తిరిగి కూర్చునేవాడు. మర్నాడు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“తంతి పోద్దా మన దిక్కుకు?”

“పోతది. భద్రాచలం మా ఆఫీసుకు పోతది, ఆడికెల్లి మనిషిని పంపుతరు.”

“అట్లయితే ఒక తంతి ఇయ్యి. నేను సచ్చిపోయిన్నని.”



“ఏంది తాతా ఆ మాటలు?”

“నేను సస్తే మా తమ్ముడు పూజారైతడు. ఆడు పండుగ జేస్తడు. ఊరు తింటది. నేను ఊరికి పోయినంక బతికే ఉన్ననని చెప్త, నవ్వుతరు.”

ఇదంతా ఎంత తాపీగా చెప్పాడంటే, నేను ఒక్క క్షణం ఇందులో తప్పేముంది అని కూడా అనుకున్నాను. వెంటనే గుమ్మంలో ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. ఆ టెలిగ్రాం విన్న తర్వాత ఆమె ఎలా నవ్వుతుందో ఊహించుకోవడం నా వల్ల కాలేదు. అటు ఆఫీసువాళ్ళు శవాన్ని తెప్పించే ఏర్పాట్లు కూడా మొదలెడతారు.

మా వెనక గిన్నెలు తోముతున్న ఆడమనిషి ఒకామె ఇదంతా వింటోంది. పాట ఎత్తుకునేది ఆమే. పెద్దాయనకు మరదలు వరస, కాబట్టి ఆయనతో ఏ మాటైనా అనే హక్కు ఆమె ఒక్కదానికే ఉంది. గిన్నె పక్కన పెట్టి ఇటు తిరిగింది.

“బావా, నువ్వేమన్నవ్ మొన్న? నోరు నాదే అన్నవ్ గదా.”

“అవ్. అన్న.”

“మరి నోరు ఈడ్నే ఉన్నది గదా. ఈడ తిను. నువ్వు తిన్నవని ఆళ్ళకు తంతి ఇయ్యి. ఆళ్ళు ఆడ తింటరు. సచ్చుడెందుకు, గంత పెద్ద పని?”

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. లేచి చెరువు చుట్టూ నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తిరిగి వచ్చేసరికి నేను వంట దించేశాను.

“చేద్దాం,” అన్నాడు. “గని అంగట్ల కొన్నది పనికిరాదు. భూమిల ఉన్నది తుంచాలె. ఆ భూమి ఎవరిదో ఆళ్ళను అడగాలె.”

అప్పుడు ఆ కాలేజీ పిల్ల ఒక సంగతి పట్టుకుంది. పొద్దు అక్కడ, మన వైపు, ముందు పొడుస్తుంది. ఇద్దరూ ఒకే రోజు పొద్దున్నే తినేట్టయితే, ఇక్కడ ఆయన నిద్ర లేచేలోపే అక్కడ ఊరు తినేస్తుంది. పూజారి కంటే ముందు ఊరు తిన్నట్టవుతుంది. కాబట్టి ఆయన ముందు రోజు సాయంత్రం ఇక్కడ తినాలి, ఊరు మర్నాడు పొద్దున అక్కడ తినాలి. పెద్దాయనకు ఇది చెప్పడానికి నేనొక గుమ్మడి పిందె, ఒక దీపం పట్టుకుని నానా తంటాలు పడ్డాను. ఆయన అంతా విని, “ఎటైతేంది, ముందు నేను, తర్వాత ఊరు. అంతే గదా?” అన్నాడు.

పోస్టాఫీసుకు వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాను. ఇంగ్లీషులో రాసిన దాని అర్థం ఇది: పూజారి బుధవారం సాయంత్రం ఇక్కడ కొత్త ఆకుకూర తింటాడు, ఊరు గురువారం తినవచ్చు, దయచేసి ఊరికి తెలపండి. కౌంటరులో ఉన్నామె అది రెండుసార్లు చదివి, మా కాలేజీ పిల్లను ఏదో అడిగింది. ఆ పిల్ల చాలాసేపు వివరించింది. చివరికి ఆ పోస్టాఫీసామె కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని ఊపి, తర్వాతే ముద్ర వేసింది. టెలిగ్రాం చేరిందో లేదో తెలిసే వీలు లేదు. పెద్దాయన నన్నేమీ అడగలేదు, పోయింది గదా అన్నాడంతే.

ఆ మైదానం నడిపే ఆవిడ ముసలిది. అక్కడే ఉన్న ఆమె కొట్టు వెనక చక్కటి కూరగాయల మడులున్నాయి. బుధవారం మేమందరం అక్కడికి వెళ్ళాం. మగవాళ్ళు కొమ్ములు పెట్టుకున్నారు, ఆడవాళ్ళు తెల్ల చీరలు కట్టుకుని గజ్జెల కర్రలు పట్టుకున్నారు. ఆవిడ గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. పెద్దాయన రెండు చేతులూ జోడించి కోయలో అడిగాడు. నేను ఇంగ్లీషులోకి తిప్పాను, ఆ పిల్ల వాళ్ళ భాషలోకి తిప్పింది. మీ నేలలో కొత్తది తుంచుకోవచ్చా, మీరు మీ దేవుడికి పెట్టారా అని అడిగాడు.

ఆవిడ ఒకసారి తన మడుల వైపు చూసింది. తర్వాత చెప్పింది. వాళ్ళమ్మ బతికున్న రోజుల్లో మొదటి గంప చర్చికి తీసుకెళ్ళి దీవెన పెట్టించుకుని గాని తినేవాళ్ళు కాదట. అమ్మ పోయాక ఆ అలవాటు ఎలా పోయిందో తనకే గుర్తు లేదట. నన్నూ మీలో కలుపుకుంటారా అని అడిగింది.

“ఇంత మంచి మాటకు అడుగుడెందుకు, రమ్మను,” అన్నాడు పెద్దాయన.

ఆవిడే మడిలోకి దిగి చిక్కుళ్ళూ ఆకూ తుంచి ఆయన చేతిలో పెట్టింది. గడ్డి మీద నీళ్ళు చల్లి ఆకు పరిచాం. కోడి కావాలి. బతికున్న కోడి ఆ చుట్టుపక్కల లేదు, కవరులో చుట్టి అమ్మేది పెద్దాయనకు పనికిరాదు. చివరికి గుడ్డు ఒప్పుకున్నాడు. ఇప్పసారాకు బదులు పక్క గుడారం వాళ్ళు ద్రాక్షసారా సీసా తెచ్చారు. ఆయన వాసన చూసి, కొంచెం నేల మీద పోసి, కొంచెం నాలుక మీద వేసుకుని, పర్వాలేదన్నట్టు తల ఆడించాడు.

అక్కడ ఎండాకాలంలో పొద్దు ఎంతకీ గుంకదు. ఆ ఎండలోనే నిలబడి ఆయన తన ఊరి వేల్పులను ఒక్కొక్కరినే పిలిచాడు. గుట్టను పిలిచాడు, వాగును పిలిచాడు. ఎంత దూరం పిలుస్తున్నాడో తెలిసినట్టే గొంతు పెంచాడు. తర్వాత ఉడికించిన ఆకుకూర ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. మావాళ్ళు ఒక్కసారిగా కేకపెట్టారు. ఇన్నాళ్ళుగా బిగబట్టుకున్నదంతా ఆ కేకలో బయటపడింది. నాకు కళ్ళు చెమర్చాయి, సిగ్గేమీ పడలేదు.

ఆ తర్వాత డోళ్ళు ఆగలేదు. మా ఆడవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని వరస కట్టారు. ముందు మా కాలేజీ పిల్ల ఆ వరసలో దూరింది. తర్వాత సైకిళ్ళ వాళ్ళు, ఆ తర్వాత పిల్లలున్న కాపురాలు, చివరికి ఏప్రను విప్పి పక్కన పడేసిన ఆ ముసలావిడ. వరస చెరువు దాకా సాగింది. అడుగులు ఎవరికీ కలవలేదు, ఎవరికీ పట్టింపూ లేదు. నేను వార్డెన్‌ని గదా, నా పని నేను చేశాను. ఆ మైదానంలో దొరికిన గిన్నెలన్నీ తెచ్చి చిక్కుడుకాయ కూర వండి, ఉన్నవాళ్ళందరికీ పెట్టాను. నా సర్వీసులో అంత పెద్ద మెస్సు మళ్ళీ నడపలేదు.

ఆగస్టు చివర సీట్లు దొరికాయి. కాలేజీ పిల్ల విమానాల దగ్గర పెద్దాయన మెడ కావలించుకుని ఏడ్చింది. ఆయన తన తలపాగాలోంచి ఒక నెమలీక తీసి ఆమెకిచ్చాడు. ఖమ్మంలో రైలు దిగి, బస్సెక్కి భద్రాచలం చేరేసరికి గోదావరి నిండుగా ఉంది. మా ఆఫీసు సూపరింటెండెంటు బస్టాండుకు వచ్చాడు. నన్ను చూడగానే కడుపు పట్టుకుని నవ్వాడు.

“నీ టెలిగ్రాం సూసి, వార్డెన్‌కు ఆడ ఎండదెబ్బ తగిలిందనుకున్న. సార్ దగ్గరికి తీసుకపోయి, దవాఖానాల చేర్పించమని ఆళ్ళకు రాద్దామా అని గుడ అడిగిన.”

ఆ సారు కొత్తగా వచ్చిన పడుచు ఆఫీసరు. ఆయనకూ ఏమీ అర్థం కాలేదట. పెద్దాయన ఊరి పక్క ఊరివాడైన అటెండరు ఒకడు టీ కప్పులు తీయడానికి వచ్చి, చదవమని అడిగి, విని, “సార్, ఇది జల్దీ పోవాలె. గురువారం ఎల్లుండే,” అన్నాడట. సారు లేచి జీపు తీయించాడు. వాగు దాకా జీపులో, ఆ పైన దోనెలో, సారూ అటెండరూ స్వయంగా వెళ్ళి ఊరి మధ్య నిలబడి ఆ టెలిగ్రాం చదివి వినిపించారట. గురువారం పండుగకు సారు ఉండిపోయాడట కూడా. టెలిగ్రాం చేరిన రెండు రోజుల్లోనే దాని ప్రకారం పని జరగడం నా సర్వీసులో అదే మొదలు, అదే ఆఖరు అన్నాడు సూపరింటెండెంటు. నాకూ అంతే.

ఆ మాట విని మావాళ్ళు దోనె దిగిన దగ్గర నుంచి పరుగే. మమ్మల్ని చూసి ఊరు ఊరంతా ఎదురొచ్చింది. పిల్లల చేతుల్లో కాల్చిన మొక్కజొన్న కంకులు, చూరుల మీద పాకిన బీరపాదులకు సగం కాయలు తుంచేసి ఉన్నాయి. పెద్దాయన ఒక్కొక్క పాదు చూసుకుంటూ, నవ్వుకుంటూ నడిచాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెప్పిన ప్రకారం గుమ్మం ముందు నిలబెట్టాను.

ఆయన భార్య బయటికి వచ్చింది. మనిషి కొంచెం చిక్కింది. ఆమె వెనక మరదలు వరస ఆడవాళ్ళు మూతులకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

“గిప్పటి దాంక తినలే ఈమె,” అన్నారు ఎవరో. “ఊరంత తిన్నా ఈమె తినలే. ఇంకా పులుసే.”

పెద్దాయన కంగారుపడ్డాడు. “తంతి రాలేదా?”

“వచ్చింది.”

“మరి తినకపోతివి?”

“నువ్వు తిన్నవని తంతి చెప్పింది. తంతి సూసిందా నువ్వు మింగంగ? తంతికి కండ్లున్నయా?”

లోపలికి వెళ్ళి ఆకులో కొంచెం అన్నం, బీరకాయ కూర పెట్టుకొచ్చింది. ఆయన నోటికి అందించి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, ముఖంలో ముఖం పెట్టి చూసింది. ఆయన నమిలాడు. ఆమె కదలలేదు. మింగాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. ఆయన నోరు పెద్దగా తెరిచి చూపించాడు. ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

అప్పుడు ఆమె అక్కడే, నిలబడే, అదే ఆకులోంచి ఒక ముద్ద తీసుకుని తిన్నది. నెమ్మదిగా, కళ్ళు మూసుకుని తిన్నది. తిని, మూతి తుడుచుకుని, నా వైపు తిరిగింది.

“నీ పూచీ తీరింది సారూ. కాళ్ళు కడుక్కొని కూసో, అన్నం పెడ్త.”